అయస్కాంతానికి రానిది

లోపల తెరిచి చూస్తాము, కుదిరితే ఆ ముక్క తీసి కన్ను నిలబెడతాము, కుదరకపోతే మధ్యలో బయటికి వచ్చి నిన్ను అడుగుతాము, అంతవరకు ఈ బెంచీ వదలకుండా కూర్చోమ్మా అని చెప్పి డాక్టరమ్మ ఆ తలుపు వెనక్కి పోయింది. అడగడమంటే ఏమి అడుగుతారో నాకు తెలుసు. నా కూతురు చిత్ర ఎడమ కన్ను తీసేయమంటావా అని అడుగుతారు. అందుకే ఇప్పుడు నేను కోరుకునేది ఒక్కటే, ఆ తలుపు తెరుచుకోకూడదు. లోపల పని కుదురుతున్నంతసేపు అది మూసే ఉంటుంది. ఎంత ఆలస్యమైతే అంత మంచిది. ఆసుపత్రిలో కూర్చున్న వాళ్ళందరూ తలుపు ఎప్పుడు తెరుస్తారా అని చూస్తారు, నేను మాత్రం రెండు రెక్కల మధ్య ఉన్న సన్నని గీతను చూస్తూ, అది వెడల్పు కాకూడదని పళ్ళు బిగించి కూర్చున్నాను. ఒకసారి తెరుచుకుంది. నర్సు. చేతిలో ఖాళీ ట్రే. నా వైపు చూడనైనా లేదు, చెప్పులు మార్చుకొని వరండా చివరికి పోయింది. నేను మళ్ళీ ఆ గీత మీదికే కళ్ళు తిప్పుకున్నాను. లోపలికి తీసుకుపోయే ముందు చిత్ర నా చెయ్యి పట్టుకొని, అడిగితే నువ్వే చెప్పమ్మా, నా చేత కాదు, అనింది. అంత చదివిన పిల్ల, ఇంట్లో ఏ పనైనా నాకు నచ్చజెప్పి చేయించే పిల్ల, ఈ ఒక్కటి నా మీద పెట్టి పోయింది.

పక్కన ఒక పెద్దాయన, కంటికి ఆకుపచ్చ గుడ్డ వేలాడేసుకొని, చాలాసేపటి నుంచి నాతో మాట కలపాలని చూస్తా ఉన్నాడు. పేరు చిక్కవెంకటప్ప అంట. యాడమ్మా మీది అన్నాడు. చాంపియన్ రీఫ్స్ అన్నాను. "ఓ, కేజీఎఫ్ వాళ్ళా. మాది గౌనిపల్లి. నాకు ఒక కంట్లో పొర తీసేసినారు, ఇంగ ఈ పొద్దు రెండోది. మా కోడలు ఏమంటాదో తెలుసునా? రెండు కండ్లూ బాగైతే అన్నంలోకి పోసే సారులో పప్పు ఎంతుండాదో కనిపెట్టేస్తావు మామా, నీకు ఒకటి చాల్లే అంటాది." తన మాటకి తనే నవ్వుకున్నాడు. ఆ నవ్వుకి ఎదురు బెంచీలో వాళ్ళు కూడా నవ్వినారు. నేను నవ్వలేదని గమనించి గొంతు తగ్గించినాడు. "నీ బిడ్డకూ పొరేనా?" కాదప్పా, గాజు పడింది, అన్నాను. "గాజేనా, తీసేస్తారులే" అన్నాడు, చెప్పులో దిగిన ముల్లును తీసేస్తారులే అన్నంత సులువుగా. ఆ సులువు నాకు కొంతసేపు హాయిగా ఉండింది. తరువాత మళ్ళీ తలుపు గీత కనిపించింది.

పొర అంటే ఆయన నోట్లో కంటి మీది మబ్బు. మా ఇంట్లో ఆ మాట వేరు. చిత్ర బ్రతుకంతా పొరలతోనే. ఇనుము, మాంగనీసు, నికెల్ మాదిరి లోహాన్ని ఒకదాన్ని తీసుకొని, గంధకమూ భాస్వరమూ కలిపి, గాజుగొట్టంలో పోసి మూతి కరిగించి మూసి, కొలిమిలో పెడుతుంది. గొట్టానికి ఒక చివర వేడి ఎక్కువ, ఇంకో చివర తక్కువ. ఎక్కువ వేడి ఉన్న చోట పొడి ఆవిరై, తక్కువ వేడి ఉన్న చోటికి పోయి నల్లగా మెరిసే రేకులై కూర్చుంటుంది. స్ఫటికాలు అంటుంది. దానికి రోజులు పడుతుంది, చల్లార్చేదానికి ఇంకా రోజులు. చిటికెన వేలి గోరంత రేకు వచ్చినా ఆ రోజు మా ఇంట్లో పండగే. ఉగాదికి నేను ఒబ్బట్లు తడుతుంటే పక్కన గొంతుక్కూర్చొని, అమ్మా ఇదే, సరిగ్గా ఇదే అనింది. పైన గంధకం, కింద గంధకం, నడుమ పూర్ణం మాదిరి ఇనుము. ఒక ఒబ్బట్టు లోపల అన్నీ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకొని ఉంటాయి. ఒబ్బట్టుకీ దాని పైనున్న ఒబ్బట్టుకీ మాత్రం పెద్ద పట్టు లేదు, ఊరికే ఆనుకొని ఉంటాయి. అందుకే అతికించే టేపు వేసి లాగితే పొర పొరగా లేచి వస్తాయి, చివరికి ఒకే ఒక్క పొర మిగిలేదాకా. పైగా నిట్టనిలువుగా పేర్చుకోవంట, ప్రతి పొరా కింది పొర కంటే రవ్వంత జరిగి, పేర్పు మొత్తం ఒక వైపుకి ఒరిగి ఉంటుందంట. నా ఒబ్బట్లను అట్లనే ఒరిగించి పేర్చి చూపించింది. నెయ్యి పూసినవి కదా, అన్నీ జారి నేల మీద పడినాయి. పండగ పూట నేల పాలు చేస్తివి కదే అని తిట్టినాను. తిడుతూనే నవ్వినాను.

నాకు అక్షరాలు వచ్చింది ఆ పొడుల డబ్బాల వల్లనే. మా ఆయన పోయినాక ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేక, ఆమె పాఠాలు చెప్పే కాలేజీకి వెంట పోయేదాన్ని. వెనక పాడుబడిన గది ఒకటి అడిగి తీసుకొని, బెంగళూరులో తనకి చదువు చెప్పిన ప్రొఫెసరు పంపిన రెండు కొలుములు అందులో పెట్టుకుంది. నేను ఊడ్చేదాన్ని, కూర్చునేదాన్ని. పొరపాటున ఏదైనా ముడతానేమో అని భయపడి డబ్బాల మీద నాకోసం పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు రాసింది. నేను మొదట చదివిన మాట ఇనుము. రెండోది ముట్టవద్దు. అప్పటికే నాకు యాభై దాటినాయి. గంధకం చదివేదానికి చాలా రోజులు పట్టింది, ఆ ధ దగ్గర ఆగిపోయేదాన్ని. తరువాత దొరికిందల్లా చదివినాను, కన్నడ బోర్డులు కూడా, ఆ అక్షరాలు మనవాటికి అక్కచెల్లెళ్ళే కదా. ఇప్పుడు ఎదురుగా తలుపు మీద శస్త్రచికిత్స అని ఉంది. చదవడం రాకపోయి ఉంటే దాని వైపు ఇన్నిసార్లు చూసేదాన్ని కాదేమో. చదువు వచ్చిన మనిషికి కళ్ళు ఊరికే ఉండవు.

తెలియకపోవడం ఎంత నెమ్మదో ఇప్పుడు అర్థమౌతా ఉంది. నారాయణమ్మ మా పక్కింటిది, ఆమెకి ఏ తప్పూ అంటదు. మా లైన్లలో కళ్ళు చూసే పిల్లప్ప ముసలివాడు, ఆయనకీ అంటదు. వాళ్ళకి తెలియదు. నాకు తెలుసు. శుక్రవారం పిల్లప్ప పంచలో అంతమంది నడుమ నాకు తెలుసు.

లైన్ ఇంటిలోనే మేము ఇప్పటికీ ఉండేది, మా ఆయన మునిశామప్ప బంగారు మైన్స్‌లో పని చేసేటప్పుడు ఇచ్చిన ఇల్లు. ఒక వరస ఇళ్ళ తలుపులు గనిలోకి దిగే షాఫ్ట్ వైపుకి, దాని వెనక వరస తలుపులు బంగారం తీసేసిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బల వైపుకి, వీపుకి వీపు ఆనించి. చిత్ర ఒకరోజు నన్ను వీధి మధ్యలో నిలబెట్టి ఆ వరసలు చూపించింది. ఇనుము వేసిన రేకులో ఒక్కో ఇనుప పరమాణువూ చిన్న అయస్కాంతం అనుకో అమ్మా, మన వరసలో అందరూ తల పైకి పెట్టి నిలబడినారు, వెనక వరసలో అందరూ తలకిందులుగా నిలబడినారు, దాని వెనక మళ్ళీ పైకి. మాంగనీసు వేస్తే వరసలు ఉండవు, ఇంటికి ఇంటికీ తగాదా, పక్కింటి వాళ్ళు పైకంటే వీళ్ళు కిందికి. నికెల్ వేస్తే ఇనుము మాదిరే వరసలు, కానీ అందరూ పడుకొని ఉంటారు. అట్లయితే నికెల్ అంటే మన నారాయణమ్మ మొగుడు అన్నమాట, అన్నాను. వీధిలోనే పడీ పడీ నవ్వింది. ఇల్లు కట్టిన తీరు అంతా ఒకటే అమ్మా, పొరలూ ఒకటే, పేర్పూ ఒకటే, లోపల ఎవరున్నారన్నదాన్ని బట్టి ఎవరు ఎటు తిరుగుతారన్నది మారిపోతుంది, అదే నా చదువు, అనింది. మొత్తం కలిపితే ఏమొస్తుంది అని అడిగినాను. సున్నా అనింది. పైకి ఎంతమందో కిందికి అంతమంది. నాకు అది చప్పున అర్థమైంది. మైన్స్ మూసిన ఏడాది మా లైన్లలో జరిగింది అదే. ఒక వరస కంపెనీ ఇచ్చే డబ్బు తీసుకొని పోదామని, వెనక వరస కాదు తెరిపించాల్సిందేనని. ఎవరి మాట మీద వాళ్ళు రాయి మాదిరి నిలబడినారు. బయటి నుంచి చూసిన వాళ్ళకి ఇక్కడ జనమే లేనట్టు అనిపించి ఉంటుంది. మా ఆయన దగ్గుతూ దగ్గుతూ రెండు వరసల మధ్యా తిరిగినాడు, ఆ దగ్గుతోనే పోయినాడు.

అట్లయితే అయస్కాంతం దీన్ని లాగదా అని కూడా అడిగినాను. అడగకుండా ఉన్నా బాగుండేది. గుండీ అంత అయస్కాంతం ఒకటి ఉంది ఆమె దగ్గర, రెండు వేళ్ళతో లాగినా బీరువా నుంచి ఊడి రాదు, అంత గట్టిది. కాగితం మీద నల్ల రేకు ఒకటి పెట్టి, దాని మీదికి తెచ్చింది. రేకు కదలలేదు. ఇంకా కిందికి తెచ్చింది. కదలలేదు. అదే కాగితం మీద ఇనుపపొడి రవ్వ ఒకటి ఉంటే అది మాత్రం ఎగిరి అతుక్కుంది. చూసినావా, దీంట్లో అంత ఇనుముంది, అయినా రాదు. వరసలు కట్టేది కూడా ఎముకలు కొరికే చలి కంటే ఎంతో ఎక్కువ చలిలోనే అమ్మా, మన ఎండలో వాళ్ళకి వరసా లేదు పాడూ లేదు, మీ క్యాసంబళ్ళి సంతలో జనం మాదిరి ఎవరి దిక్కు వాళ్ళది. సంత అయినా వరస అయినా, లాగేదానికి పైన ఏమీ మిగలదు. నాకు ఎంత గర్వంగా ఉండిందో. సాయంత్రం నారాయణమ్మకి చెప్పినాను. "ఏమక్కా, మేగ్నెట్‌కే రాని ఇనుము ఇంగ ఏమి ఇనుము? ఆ పిల్ల నీకు ఏదో చెప్తాది, నువ్వు తలకాయ ఊపుతావు" అనింది. తలకాయ ఊపలేదే, నాకు అర్థమైంది, అన్నాను. అవును, అర్థమైంది. ఇప్పుడు నన్ను తినేది ఆ అర్థమే.

తలుపు. కాదు, గాలికి అల్లాడింది. పెద్దాయనను పేరు పెట్టి పిలిచినారు, ఆయన లేచి నా వైపు ఒక కంటితో చూసి, భయం లేదులేమ్మా, మంచిది జరుగుతాది, అని లోపలికి ఇంకో గదిలోకి పోయినాడు. ఆయన కూర్చున్న చోట బెంచీ ఇంకా వెచ్చగా ఉంది. చెయ్యి పెట్టి చూసినాను. ఎందుకో.

మా లైన్లలో కంట్లో ఏదైనా పడితే పిల్లప్ప ఇంటికి పోతారు. ఆయన చాంపియన్ షాఫ్ట్ దగ్గర డ్రిల్లుల మొనలు సాన పట్టే కమ్మరి షెడ్డులో పని చేసినాడు. ఆ పనిలో ఉక్కు తునకలు లేచి కళ్ళలో పడేది మామూలు. మా ఆయనకి కూడా అండర్‌గ్రౌండ్‌లో ఒకసారి పడింది, మైన్స్ ఆసుపత్రిలో పెద్ద అయస్కాంతం పెట్టి లాగేసినారు, రెండో రోజు మళ్ళీ షిఫ్టుకి పోయినాడు. ఆ ఆసుపత్రి మూతపడినాక పిల్లప్ప పాత లౌడ్‌స్పీకర్ విప్పి దాని అయస్కాంతం పెట్టుకొని, ఈ పని మొదలుపెట్టినాడు. వెల్డింగు వాళ్ళు, లేత్ పిల్లలు, గేట్లు కోసే వాళ్ళు, ఆండర్సన్‌పేట నుంచి కూడా వస్తారు. పంచలో వెల్లకిలా పడుకోబెట్టి, అగ్గిపుల్లతో రెప్ప మడిచి, నీళ్ళు పోసి, అయస్కాంతాన్ని మెల్లగా తెస్తాడు. టిక్ మని చిన్న చప్పుడు. రవ్వను కాగితం మీద తుడిచి ఆ మనిషికే ఇచ్చేస్తాడు. బంగారమైతే నాది, ఇనుమైతే నీది, తీసుకో, అంటాడు. ఈ మాట ఎన్ని ఏళ్ళుగా చెప్తున్నాడో, ప్రతిసారీ అందరూ నవ్వుతారు. అయస్కాంతానికి ఏమీ రాకపోతే, లోపల ఏమీ లేదు, గీసుకుంది అంతే, పో, అంటాడు. ఆ మాట ఎప్పుడూ తప్పు కాలేదు. మా ఊళ్ళో కళ్ళలో పడేది ఎప్పుడూ ఉక్కే కదా. డెబ్బై ఏళ్ళ మనిషికి దానికి మించి తెలియాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

శుక్రవారం కాలేజీ గదిలో రెండు కొలుములూ నడుస్తా ఉన్నాయి. ఒకదాంట్లో ఉత్త ఇనుముది, రెండోదాంట్లో ఇనుమూ మాంగనీసూ కలిపింది. ఆ రెండోదాని మీదే ఆమె ప్రాణమంతా. ఇనుముకి వరస అలవాటు, మాంగనీసుకి పక్కింటి తగాదా అలవాటు, ఇద్దరినీ ఒకే పొరలో పెడితే ఎవరు ఎటు తిరగాలో తేల్చుకోలేక ఎట్ల పడితే అట్ల బిగుసుకుపోతారంట, అది చూడాలని. ముందు పెట్టినవన్నీ చెడిపోయినాయి, ఇది చల్లారే దశకి వచ్చింది. కరెంటు పోయింది. చాలాసేపటికి వచ్చింది. వచ్చీ రావడంతోనే మొదటి కొలిమి ఆగకుండా వేడెక్కిపోయింది. లోపల గంధకం ఆవిరి నిండుకుంటే గొట్టం ఆగదని ఆమెకి తెలుసు, దాన్ని ఆపేదానికి వంగింది. కళ్ళద్దాలు చెమటకి మబ్బు పట్టినాయని నుదుటి మీదికి తోసుకొని ఉండింది. నేను వాకిట్లో చీపురు కడుగుతా ఉన్నాను. చప్పుడు పెద్దదేమీ కాదు, దీపావళి టపాకాయ అంత. లోపలికి పోతే గదంతా కుళ్ళిన వాసన, నేలంతా గాజుపెంకులూ నల్ల రేకులూ మెరుస్తా, నడుమ ఆమె ఒక చెయ్యి కంటి మీద పెట్టుకొని, రెండో చేత్తో రెండో కొలిమిని తడిమి చూస్తా ఉంది, అది బాగుందా అని. అమ్మా, అది బాగుండాది, అనింది. మొదటి మాట అది.

ఇంటికి తెచ్చినాను. కన్ను ఎర్రగా, నీళ్ళు కారుతా. నారాయణమ్మ చూసింది, లైన్ అంతా వచ్చింది, నేను ఇంకా ఏమీ అనకముందే పిల్లప్ప పంచలో ఉన్నాము. చాప మీద పడుకోబెట్టినారు. పిల్లప్ప నీళ్ళు పోసినాడు. "ఏమి పాపా, మేగ్నెట్ పాఠం చదివినదానివి, నా మేగ్నెట్ కిందికే వచ్చినావే" అన్నాడు. అందరూ నవ్వినారు. చిత్ర కూడా పెదవి కదిపింది. అయస్కాంతం వచ్చింది, ముక్కు మీదుగా, రెప్ప మీదికి, ఒకసారి అటు, ఒకసారి ఇటు. చప్పుడు లేదు. మళ్ళీ తెచ్చినాడు. లేదు. లేచి కూర్చొని అయస్కాంతం ముఖాన్ని అందరికీ చూపించినాడు, నున్నగా, ఖాళీగా. "ఏమీ ల్యా చిన్నవెంకటమ్మా. గీసుకుంది, అంతే. బంగారమూ లేదు, ఇనుమూ లేదు. ఇంటికి తీసుకొనిపో." ఎంత సంబరమో అందరి ముఖాల్లో. నారాయణమ్మ రెండు చేతులూ జోడించింది. నా నోటి దాకా వచ్చింది. అది దీనికి రాదు కదా చిత్రా, ఆ పొద్దు చూపించినావు కదా. గాజూ రాదు, ఆ రేకూ రాదు. నోటి దాకా వచ్చి, నేను ఆమె ముఖం చూసినాను. ఆమె బాగున్న కంటితో నా ముఖం చూసింది. ఆమెకి తెలిసినంత నాకు తెలుస్తుందా, ఆమే ఊరుకుందంటే నిజంగానే ఏమీ లేదేమో, అనుకున్నాను. అనుకున్నానా, అనుకోవాలని అనుకున్నానా. మా ఆయనను ఆసుపత్రికి తీసుకొని పోయినాను, ఆయన తిరిగి రాలేదు. ఈమెను ఆ గేటు లోపలికి నడిపించడం కంటే పిల్లప్ప మాట నమ్మడం సుఖంగా ఉండింది. ఆమె ఏమనుకుందో. కోలారుకి పోతే అడ్మిట్ చేసుకుంటారు, చల్లారుతా ఉన్న కొలిమి దగ్గర ఎవరూ ఉండరు, కరెంటు మళ్ళీ పోతే అదీ పోతుంది అనుకుందా. అమ్మ తలకాయ ఊపింది కానీ ఆ పొద్దు చెప్పింది ఎక్కడ జ్ఞాపకం ఉంటుందిలే అనుకుందా. చూసినావా అమ్మా, ఏమీ లేదంట, అనింది. నేను, అవునమ్మణ్ణీ, ఏమీ లేదంట, అన్నాను. ఎవరికి తెలియదో వాళ్ళ మాటను తెలిసిన ఇద్దరమూ ఒకరికొకరం చెప్పుకున్నాము.

శనివారం కంటికి గుడ్డ కట్టుకొని కాలేజీకి పోయింది. నేను వెంట పోయినాను. ఆమె కొలిమి దగ్గర, నేను వాకిట్లో. నొప్పా అని అడిగితే కొంచెం అనేది. నేను మళ్ళీ అడగలేదు. అడిగితే ఎక్కువ అంటుందేమో అని అడగలేదు. ఆదివారం మధ్యాహ్నం గొట్టం తీసి కోసి, రేకులను కాగితం మీదికి తట్టింది. పెద్దవి, బొటనవేలి గోరంతవి, అద్దం మాదిరి. ఒక్క కంటితోనే వాటిని వెలుతురుకి పట్టి తిప్పి తిప్పి చూసింది, బాగొచ్చినాయమ్మా, ఇంత బాగా ఎప్పుడూ రాలేదు, అనింది, గొంతులో వణుకు సంతోషమో జ్వరమో తెలియలేదు. సాయంత్రం టీ పోసుకుంటూ గిన్నె వంచింది. టీ గ్లాసులో పడలేదు. గ్లాసుకి బెత్తెడు ఇవతల, నేల మీద ధార కట్టి పడింది. ఆమె అది గమనించకుండా పోస్తానే ఉంది. నేను చూస్తూ ఉన్నాను. గిన్నె ఖాళీ అయ్యేదాకా పోసింది. తరువాత గుడ్డ విప్పినాను. నల్లగుడ్డు యాడుందో తెలియలేదు, అంతా పసుపుపచ్చ.

పొద్దున కోలారులో ఈ ఆసుపత్రికి రాగానే డాక్టరమ్మ లైటు వేసి చూసి, గాజు పడి ఇన్ని రోజులైంది, ఎందుకు రాలేదు మీరు, అని అడిగింది. కోపంగా కూడా కాదు. చిత్ర చెప్పింది. మాకు తెలియలేదు మేడమ్, అనింది. మాకు. నాకు అని ఉంటే బాగుండేది. నన్ను కూడా పక్కన కూర్చోబెట్టుకొని, నా నోరు కూడా తనే మూసి, మాకు అనింది. నన్ను కాపాడిందో, తనను కాపాడమని నన్ను అడిగిందో. నాకు అంతా తెలుసునని ఆమెకి అప్పుడే తెలిసిపోయిందా. అయినా మాకు అనింది. నేను డాక్టరమ్మ ముందు తల కిందికి వేసుకున్నాను. రేపు చిత్ర అడగవచ్చు, ఆ పొద్దు నువ్వెందుకు ఊరుకున్నావమ్మా అని. అడగదు. అడిగితే నేనూ అడుగుతాను కదా. నేనూ అడగను. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, అడగని మాటను నడుమ పెట్టుకొని ఇంగ ఎన్నేళ్ళు ఉండాలో అన్నేళ్ళు ఉంటాము. కన్ను నిలబడితే ఒకవేళ ఏదో ఒకరోజు నవ్వుతూ అయినా ఆ మాట ఎత్తుకోవచ్చు, ఎంత పని చేస్తిమి చూడమ్మా అని. అందుకైనా ఆ తలుపు తెరుచుకోకూడదు. అందుకే ముఖ్యంగా.

గీత వెడల్పైంది. ఈసారి గాలి కాదు. డాక్టరమ్మ, ముఖానికి కట్టుకున్న గుడ్డ గడ్డం కిందికి లాగుకొని, చుట్టూ చూసి, నా దగ్గరికి వచ్చి పెద్దాయన వదిలిపోయిన ఆ వెచ్చటి చోట కూర్చుంది. నిలబడి చెప్పి ఉంటే ఇంకా కొంచెం ఆశ ఉండేదేమో. "ఆగల్లమ్మా" అనింది కన్నడంలో. కుదరదు అని. తరువాత నాకోసం తెలుగులో మెల్లగా చెప్పింది. గాజు ముక్క వచ్చింది, దాంతో ఏదో నల్లటి రేకు కూడా వచ్చింది. కానీ కన్ను లోపలంతా చీము పట్టింది. చూపు ఎట్లాగూ రాదు. అట్లే ఉంచితే మెదడుకి పాకవచ్చు, రెండో కంటికి కూడా ప్రమాదం. "తీసేయాలి. నువ్వు ఒప్పుకోవాలి." ముందే వచ్చి ఉంటే అని నేను అడగబోయినాను. అడగలేదు. ఆమె ముఖంలోనే ఉంది. తీసేయండి తల్లీ, అన్నాను. ఇంత గట్టిగా వస్తుందని అనుకోలేదు మాట, ఎదురు బెంచీ వాళ్ళు తిరిగి చూసినారు. ఇల్లి సైన్ మాడమ్మా అని నర్సు కాగితం పెట్టింది. సంతకం చేసినాను. తలుపు మూసుకుంది. ఇప్పుడు అది ఎప్పుడు తెరుచుకున్నా నాకు ఒకటే.

ఎంతసేపైందో. రెండు రెక్కలూ తెరిచి ఆమెను చక్రాల మంచం మీద బయటికి తెచ్చినారు. ఎడమ వైపు సగం ముఖం తెల్లటి గుడ్డ కింద ఉంది, ఆ కట్టు లోతుగా కనిపించింది. కుడి కన్ను సగం తెరిచి, మత్తులో అటూ ఇటూ తిప్పుతా ఉంది. "అమ్మ యాడ?" అనింది, పెదవులు అంటుకుపోయిన గొంతుతో. మంచం తోసే మనిషి నన్ను చూసి, ఇటు రామ్మా, ఈ పక్కకి రా, ఇటైతే కనిపిస్తావు, అని కుడి వైపుకి చెయ్యి ఊపినాడు. నేను అడుగు వేసినాను. వేసి, ఆగినాను. "ఇక్కడే ఉండాను అమ్మణ్ణీ" అన్నాను. ఆ కన్ను నా గొంతు కోసం కుడి వైపే వెతుకుతా ఉంది. నేను ఎడమ వైపు కడ్డీ పట్టుకొని, కట్టు పక్కనే, ఆమెతో పాటు నడిచినాను.